సవరణ: స్పీకర్లున్న చలువ కళ్ళద్దాల గురించి నేను రాసింది

మొన్నటి పోస్టులో ఈ కళ్ళద్దాలు ఎముక ద్వారా శబ్దం పంపుతాయని, పక్కవాళ్ళకి అస్సలు వినపడదని రాశాను. రెండూ తప్పే. ఈ రకంలో చాలావాటికి కాడల్లో చిన్న స్పీకర్లుంటాయి, శబ్దం గాలిలోంచే చెవికి చేరుతుంది. చెవి మూసుకుపోదు కాబట్టి ట్యాంక్‌బండ్ మీద నడుస్తుంటే పాటతో పాటు వెనక ఆటో హారన్ కూడా వినిపిస్తుంది, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను. కానీ నిన్న అమీర్‌పేటలో మెట్రో ఎక్కగానే పాట సగం రైలు హోరులో కలిసిపోయింది, సౌండ్ పెంచాను, పక్క సీటు పెద్దాయన నా మొహం వంక కాసేపు చూసి "బాబూ, అది నీ దగ్గర్నుంచేనా?" అన్నారు. పరువు పోయింది. బేస్ కూడా మామూలు ఇయర్‌ఫోన్స్ ముందు తేలిపోతుంది.

అన్నట్టు మూడో తప్పు కూడా ఉంది. పోలరైజ్డ్ అయితే యూవీ (ఎండలోని అతినీలలోహిత కిరణాలు) గురించి టెన్షన్ అక్కర్లేదన్నాను. పోలరైజ్డ్ అద్దం రోడ్డు మీది, నీళ్ళ మీది మెరుపును తగ్గిస్తుంది, అంతే. యూవీ సంగతి వేరు, కొనేముందు యూవీ400 (ఆ కిరణాల్ని ఆపుతుందని చెప్పే గుర్తు) అని ఉందో లేదో చూసుకోండి.

చీకటి పడ్డాక వీటితో పాటలు వినొచ్చా అని ఒకరు అడిగారు. వినొచ్చు, కాకపోతే ముందున్న గుంత కనపడదు.