రీల్ కింద ఉండాలి బాబూ, కింద!

పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులోకి ఒక ఫార్వర్డ్ వచ్చి పడింది. మన సిక్కోలు తీరంలో కొత్తగా తెరిచిన రిసార్టు అట. "కారవాన్ స్టే, బీచ్ ఫిషింగ్, రెండు రాత్రులు మూడు పగళ్ళు." పేరు రాయను, ఊరికే ప్రచారం నేనెందుకు చెయ్యాలి? ఫోటోలో ఒక కుర్రాడు, నల్ల కళ్ళద్దాలు, చేతిలో గాలం రాడ్. దారం చుట్టుకునే స్పిన్నింగ్ రీల్ రాడ్డుకి పైన ఉంది. పైన! ఇదేటి సోద్యం బాబూ?

స్పిన్నింగ్ రీల్ రాడ్డుకి కింద వేలాడాలి. దారం దూరే రింగులూ కిందికే చూడాలి. రీల్ కాడ రెండు వేళ్ళ మధ్యకి వస్తే బరువు దానంతటదే కుదురుకుంటుంది. పైకి పెట్టి పట్టుకుంటే చేప లాగినప్పుడు రాడ్ చేతిలో తిరగబడుతుంది, దారం కర్రకి రాసుకుంటుంది, హ్యాండిల్ వెనక్కి తిప్పాల్సొస్తుంది. వెనక్కి తిరక్కుండా లోపల లాక్ ఉంటుంది కదా, అప్పుడు "అన్నా, ఇది పాడైపోయింది" అని అరుస్తారు. పాడైంది రీల్ కాదు.

కారవాన్ సంగతి కూడా చూడండి. మనకి కారవాన్ అంటే షూటింగులో హీరో ఏసీ వేసుకుని కూర్చునే బండి. వీళ్ళ కారవాన్ చక్రాలు అప్పుడే సగం ఇసకలో దిగిపోయి ఉన్నాయి. కింద గ్రావెల్ వేసి దిమ్మిస కొట్టించాలి, లెవెల్ చూసి జాకీలు పెట్టాలి, కరెంటు లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్) ఉండాలి. ఉప్పు గాలికి సాకెట్లు చిలుం పడతాయి, తడి కాళ్ళతో జనం ఎక్కి దిగుతారు. ఇవన్నీ ఎవరికి కావాలి? గోడ మీద "గుడ్ వైబ్స్ ఓన్లీ" అని నియాన్ లైటు మాత్రం ఉంది.

సరే, అసలు సంగతికి. ప్యాకేజీలో ఎర కూడా ఇస్తారట. ఏమిటా ఎర? గోధుమపిండి ముద్ద, సోంపు కలిపి! అది చెరువులో రాగండికీ బొచ్చెకీ పెట్టేది. సముద్రంలో మొదటి అల తగిలేసరికి ముద్ద కరిగిపోతుంది, ఖాళీ గాలానికి కాపలా కాస్తూ సాయంత్రం దాకా కూర్చోవాలి. ఇక్కడ పనిచేసేవి పచ్చి రొయ్య, కవ్వళ్ళ ముక్క. రొయ్యని తోక వైపునుంచి గాలానికి ఎక్కించి, సన్నటి ఎలాస్టిక్ దారంతో పది చుట్లు చుట్టాలి. చుట్టకపోతే విసిరినప్పుడు రొయ్య ఒక దిక్కుకి, దారానికి బరువుగా కట్టిన సీసం గుండు ఒక దిక్కుకి పోతాయి. ఎండలో పెట్టిన రొయ్య మెత్తబడిపోతుంది కాబట్టి ఐసు డబ్బాలోంచి తియ్యకూడదు. పట్టిన చేపకైతే కిలోకి కిలో ఐసు.

రాడ్ చూస్తే ఏడడుగులదిలా ఉంది, బొమ్మల కొలువులో పెట్టుకోడానికి బాగుంటుంది. అల దాటించి వెయ్యాలంటే పన్నెండు అడుగుల రాడ్, 100 నుంచి 150 గ్రాముల గుండు విసరగలిగేది కావాలి. రీల్ 6000 సైజు తక్కువ కాకూడదు. దారం స్పూలు అంచుకి రెండు మూడు మిల్లీమీటర్లు కిందిదాకా నిండాలి. తక్కువ చుడితే అంచుకి రాసుకుని దూరం పోదు, ఎక్కువ చుడితే ఉండలు ఉండలుగా ఊడొస్తుంది. గుండు గుండ్రంగా ఉంటే ఇసక మీద దొర్లి దొర్లి పక్కవాడి దారంలో చిక్కుకుంటుంది, నాలుగు పలకల పిరమిడ్ గుండు దిగబడి కూర్చుంటుంది. గుండు అన్నిటికన్నా కింద, దానికి జానెడు పైన ఒక గాలం, ఇంకో జానెడున్నర పైన రెండోది. అంతే.

లీడర్ (మెయిన్ లైను చివర కట్టే లావు దారం) మాట ఆ ప్రకటనలో ఎక్కడా లేదు. అన్నిటికన్నా ఒళ్ళు మండేది ఇదే. మెయిన్ లైను 9 కిలోల లాగుడు ఓర్చేది అనుకోండి, దానికి 100 గ్రాముల గుండు కట్టి బలంగా విసిరితే విసురులోనే పుటుక్కున తెగుతుంది. తెగిన సీసం గుండు తూటా లాంటిది, పక్కనే పిల్లలు ఇసక గూళ్ళు కడుతుంటారు. అందుకే ముందు ముక్కగా కనీసం 16 కిలోల లీడర్ కట్టాలి, 20 అయితే నిశ్చింత. పొడవు రాడ్డుకి రెండింతలు, పైన స్పూలు మీద నాలుగైదు చుట్లు. డ్రాగ్ (చేప గట్టిగా లాగితే దారం జారనిచ్చే బిగింపు) దారం బలంలో పావు వంతు, అంటే 9 కిలోల దారానికి రెండు, రెండుంపావు కిలోలు. స్ప్రింగ్ కాటా కొక్కేనికి తగిలించి లాగి చూసుకుంటే తెలిసిపోతుంది. అరనిమిషం పని.

ఎక్కడ వెయ్యాలన్నది అంతకన్నా పెద్ద విద్య. మన తీరం మామూలు కళ్ళకి అంతా ఒకేలా ఉంటుంది, నిజానికి కాదు. పాటుకి (నీరు వెనక్కి తగ్గే వేళకి) నీళ్ళు బాగా దిగినప్పుడు ఒడ్డు వెంట నడిచి చూడాలి. ఒడ్డుకీ మొదటి ఇసక దిబ్బకీ మధ్య గాడి ఉంటుంది. నీళ్ళు వచ్చాక ఆ గాడి మీద రంగు ముదురుగా కనిపిస్తుంది, అల అక్కడ విరగదు. చేప తిరిగేది అందులోనే. చాలాసార్లు నలభై మీటర్ల దూరం చాలు, జనం మాత్రం వంద మీటర్లు విసిరి చేప నెత్తి మీంచి దాటించేస్తారు. పోటు నిండడానికి రెండు గంటల ముందు మొదలెట్టి, నిండాక ఒక గంట. పౌర్ణమి, అమావాస్యలకి మన దగ్గర నీటి తేడా ఒకటిన్నర మీటరుకి అటూ ఇటూ ఉంటుంది, అష్టమికి అందులో సగం కూడా ఉండదు. రిసార్టు వాడి టైము మాత్రం "బ్రేక్‌ఫాస్ట్ తర్వాత 10 గంటలకి". చేపలకి కూడా ఇడ్లీ పెట్టి పంపుతారు కాబోలు!

ఏరు సముద్రంలో కలిసే మొగల దగ్గర లెక్క తిరగబడుతుంది. కళింగపట్నంలో వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ, కోనాడ దగ్గర చంపావతి. పాటు మొదలై ఏటి నీరు బయటికి లాగుతున్నప్పుడు చిన్న రొయ్యలూ కొయ్యింగ పిల్లలూ కొట్టుకొస్తాయి, పండుగప్ప ఆ వాలులో కాచుకుని ఉంటుంది. వరదల్లో ఎర్ర నీరు దిగితే తళుకు ఎరలు దండగ, వాసన ఉన్న ఎరకి జెల్లలు పడతాయి. మొగలో ఇసక అంచు మీద నిలబడొద్దు, కింద నీరు కోసేస్తుంది, అంచు ఒక్కసారిగా కూలుతుంది. నీళ్ళలో దిగితే కాళ్ళు ఎత్తి వెయ్యొద్దు, ఈడ్చుకుంటూ నడవాలి, తోకకి ముల్లుండే టేకు చేప ఉంటే తప్పుకుంటుంది. జెల్ల ముల్లు గుచ్చుకుంటే చర్మం తట్టుకోగలిగినంత వేడి నీళ్ళలో అరగంట పైన ముంచి, ఆ తర్వాత ఆసుపత్రి.

పండుగప్ప అన్నాను కాబట్టి ఒక ముక్క. అది మొదట మగ, పెరిగాక ఆడగా మారుతుంది. అంటే గుడ్లు పెట్టేవి పెద్దవే. వీళ్ళ ప్రకటనలో "పెద్ద చేప పట్టినవారికి బహుమతి". ఇంగ్లండులో ఆ కారవాన్ పార్కుల పక్కన సీబాస్ 42 సెంటీమీటర్లకి తక్కువుంటే వదిలెయ్యాలి, టేపుతో కొలుస్తారు. వాళ్ళ కారవాను కాపీ కొట్టారు, టేపు కాపీ కొట్టలేదు.

రాత్రికి క్యాంప్ ఫైర్, ఫ్లడ్ లైట్లు, డీజే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ ఇసకలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. పిల్లలు వెలుగు ఉన్న వైపు పాకుతాయి, అంటే సముద్రం వదిలేసి డీజే వైపు. మే నెలలో "మోటారు బోటులో డీప్ సీ ఫిషింగ్" కూడా ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా మరబోట్లకీ మోటారు తెప్పలకీ వేట నిషేధం అని తెలియదా, తెలిసీనా? దసరా స్పెషల్ అట, సరిగ్గా తుపాన్ల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లే నిలవలేదు, వీళ్ళ గుడ్డ టెంటు నిలుస్తుందట.

ఇవన్నీ ఒక ఎత్తు. అడుగున చిన్న అక్షరాల్లో "ఎక్స్‌పీరియన్స్ ద ఫిషర్‌మన్ లైఫ్" అని రాశారు. మత్స్యకారుడి జీవితం అనుభవించాలా? అయితే గుజరాత్‌లో వెరావల్ రేవుకి టికెట్టు కొనండి. 193 కిలోమీటర్ల తీరం మాది అని ప్రతి సభలో చెప్పుకుంటారు, పెద్ద బోటు కట్టెయ్యడానికి జెట్టీలు చాలక మన తండేళ్ళు (బోటు నడిపే పెద్దలు) గుజరాత్ పోయి ఎవరి బోట్లలోనో నెలల తరబడి వేట చేస్తున్నారు. 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్ళకి చిక్కినవాళ్ళలో మన శ్రీకాకుళం, విజయనగరం మనుషులు 20 మందికి పైనే. ఎక్కువమంది 2020 జనవరిలో గానీ వాఘా దాటి ఇటు రాలేదు. ఆ జీవితం రెండు రాత్రుల ప్యాకేజీలో, బఫే డిన్నరుతో వస్తుందా?

ఎవరైనా ఆ రిసార్టు ముందే ఉన్న పల్లెలో ఒక ముసలి తాతని అడిగారా? గాడి ఎక్కడుందో, ఏ తిథికి ఏ చేపో అల రంగు చూసి చెప్తాడు. అడగరు. ఆయన తెప్ప మాత్రం సెల్ఫీ పాయింటుకి కావాలి, ఆరబెట్టిన వల వాసనొస్తుందని పక్కకి తీయించాలి. ఆయన్ని జీతానికి పెట్టుకుని, కాస్త మంచినీళ్ళ కుళాయి ఒకటి వేయించి (డ్రాగ్ బిగించి రీల్ మీద నీళ్ళు చిలకరించాలి, బకెట్లో ముంచకూడదు, ఆరాక డ్రాగ్ వదులు చెయ్యాలి), మీటరు పొడవు పీవీసీ పైపులు కోసి రాడ్ స్టాండులుగా ఇసకలో దించితే నియాన్ బోర్డు ఖర్చు కూడా అవదు.

ఎడిట్: ఎవరో ఈ పోస్టు వాళ్ళకి పంపినట్టున్నారు, గంటలో ఫోటో మార్చేశారు. రీల్ కిందికొచ్చింది. వెనకాల సముద్రం, కుర్రాడి చేతిలో బొచ్చె.