మహారాజశ్రీ ప్రోబయోటిక్ బ్యాక్టీరియా గార్లకు

మహారాజశ్రీ ప్రోబయోటిక్ బ్యాక్టీరియా గార్ల దివ్య సముఖమునకు, తమరు దయచేసి వెళ్ళిన పొట్ట తాలూకు ఓనర్ వ్రాయునది ఏమనగా,

ఇవాళ మధ్యాహ్నం మీటింగ్‌లో అందరూ గమ్మున స్క్రీన్ వైపు చూస్తున్న టైంలో నా పొట్ట లేచి గుడగుడమని ఉపన్యాసం ఇచ్చింది. ఎవరూ నవ్వలేదు, అదే ఇంకా ఘోరం. పక్కనున్నాయన జాలిపడి మంచినీళ్ళ బాటిల్ నా వైపు జరిపాడు. యాంటీబయోటిక్ కోర్సు అయిన దగ్గర్నించీ ఇదే వరస, ఉబ్బరం, గ్యాసు, నలుగురిలో చెప్పుకోలేని తిప్పలు, అందుకే కదా పేగులకి మేలు చేసే బతికున్న బ్యాక్టీరియా అంటే మిమ్మల్ని ఏరికోరి తెచ్చుకుంది. మీ బాటిల్ మొత్తం ఖాళీ అయింది. ఇంతకీ మీరెక్కడున్నారు సార్?

ఒక్కో క్యాప్సూల్‌లో 5 వేల కోట్ల మంది అని డబ్బా మీద చూసి నేనూ అబ్బో అనుకున్నా. తర్వాత లెక్క వేశా. 2016లో వేసిన అంచనా ప్రకారం 70 కిలోల మనిషిలో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, దాదాపు అంతా పెద్ద పేగులోనే. (మన సొంత కణాలే 30 లక్షల కోట్లు. అంటే నా ఒంట్లో నేనే మైనారిటీ, అది వేరే ఏడుపు.) ఆ జనంలో మీ 5 వేల కోట్లు ఏ మూలకి? అక్కడున్న వెయ్యి మందికి మీరు ఒకరో ఇద్దరో. అదీ జీర్ణాశయంలో యాసిడ్ స్నానం తప్పించుకుని బతికితే. ఇంకా తమాషా ఏంటంటే కొన్ని డబ్బాల మీద ఆ అంకె తయారుచేసిన రోజుది, ఎక్స్‌పైరీ నాటికి ఎంతమంది మిగులుతారో రాయరు.

సరే, తక్కువ మందే వచ్చారు, వచ్చినోళ్ళు ఉండాలి కదండీ? ఉండరు! ఇదే నాకు మింగుడు పడట్లేదు. క్యాప్సూల్ వేసుకున్నన్నాళ్ళు మలంలో కనిపిస్తారు, ఆపేసిన కొద్ది రోజులకో వారాలకో చాలావరకు జాడ ఉండదు. నేనేమో కొత్త సంతతి స్థిరపడుతోంది, లోపల ఊరు వెలుస్తోంది అని మురిసిపోతుంటే మీరు చుట్టపుచూపుగా వచ్చి, మర్యాదలు చేయించుకుని, వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయారు.

2018లో ఇజ్రాయెల్ వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మీ గుట్టు బయటపెట్టారు. మలం చూసి సరిపెట్టుకోకుండా గొట్టం వేసి పేగులోపలి నుంచే శాంపిళ్ళు తీశారు. కొంతమందిలో మీరు నిలబడ్డారు, కొంతమందిలో మాత్రం ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసినట్టు నేరుగా పోయారు. అది వాళ్ళ వాళ్ళ ఒంటిని బట్టి, అప్పటికే లోపలున్న పాతకాపుల్ని బట్టి ఉంటుందట. ఈ ముక్క డబ్బా మీద ఏ మూలైనా ఉందా? నేను ఏ బాపతో తెలియకుండానే బాటిల్ అవగొట్టేశా.

ఆగండి, అసలు కథ ఇప్పుడు. అదే టీం ఇంకో స్టడీ చేసింది, చిన్నదే, 21 మంది మీద. వాళ్ళందరికీ యాంటీబయోటిక్స్ ఇచ్చి మూడు గుంపులు చేశారు. ఒక గుంపుని వాళ్ళ ఖర్మకి వదిలేశారు, ఇంకో గుంపుకి 11 రకాల ప్రోబయోటిక్స్ ఇచ్చారు, మూడో గుంపుకి వాళ్ళ మలాన్నే ముందుగా దాచి తిరిగి లోపలికి పంపారు (ముక్కు మూసుకోకండి, సైన్సే). మూడో గుంపు రోజుల్లో కోలుకుంది. ఏమీ చేయని గుంపు కూడా మెల్లగా కోలుకుంది. ప్రోబయోటిక్స్ మింగినవాళ్ళలో మాత్రం పాత బ్యాక్టీరియా వెనక్కి రావడానికి నెలలు పట్టింది! అంటే ఇంటివాళ్ళు తిరిగొచ్చేసరికి చుట్టాలు మంచాలన్నీ ఎక్కి పడుకున్నారన్నమాట. నేను మిమ్మల్ని తెచ్చింది సరిగ్గా యాంటీబయోటిక్స్ తర్వాతే కదా, ఆ ఇంటివాళ్ళు తొందరగా రావాలనే కదా. సిగ్గుండక్కర్లా?

పేర్ల గోల ఒకటి. మీలో పని చేసేది ఫలానా స్ట్రెయిన్ (అంటే ఒకే జాతిలోని ఒక ఉపరకం), పక్క స్ట్రెయిన్ అదే పని చేస్తుందని గ్యారంటీ లేదు, అయినా చాలా డబ్బాలు జాతి పేరు వేసి ఊరుకుంటాయి. దానికి తోడు 2020లో మీ ల్యాక్టోబాసిల్లస్ కుటుంబాన్ని 25 ముక్కలు చేసి ల్యాక్టికేసీబాసిల్లస్ లాంటి నోరు తిరగని పేర్లు పెట్టారు.

పాతకాలపు జీవశాస్త్రవేత్త మెచ్నికాఫ్ గారి పేరు చెప్పుకుని అమ్మడం ఇంకొకటి. ఆయన పులిసిన పాలు ఆయుష్షు పెంచుతాయని నమ్మిన మాట నిజమే, 1908లో నోబెల్ వచ్చిన మాటా నిజమే, కానీ అది తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవుల్ని మింగడం గురించి. పులిసిన పాలకి కాదు. ఆయన పోయింది 71 ఏళ్ళకి.

ఇక సహజం కాబట్టి హాని ఉండదు అనేవాళ్ళకి ఒక్క మాట. 2008లో నెదర్లాండ్స్‌లో తీవ్రమైన పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) రోగులకి ప్రోబయోటిక్స్ ఇచ్చి చూస్తే, తీసుకున్న 152 మందిలో 24 మంది చనిపోయారు, తీసుకోని 144 మందిలో 9 మంది. ప్రాణాపాయంలో ఉన్నవాళ్ళ లెక్క అది, మామూలు మనిషికి అంత భయం అక్కర్లేదు, కానీ 'వేసుకుంటే పోయేదేముంది' అనే మాట మాత్రం ఇక నా దగ్గర ఎవరూ అనొద్దు.

అయినా మిమ్మల్ని తిట్టి ఏం లాభం లెండి. నిజం చెప్పాలంటే ఉండిపోతామని మీరెప్పుడూ అనలేదు, అన్నది డబ్బా. పోతూ పోతూ పని చేసిపెట్టేవాళ్ళు మీలో లేకపోలేదు. ప్రోబయోటిక్ ప్రకటనల్ని ఎడాపెడా తిరస్కరించే యూరప్ ఆహార భద్రతా సంస్థ కూడా పెరుగులోని బ్యాక్టీరియా, పాల చక్కెర అరగనివాళ్ళకి, ఆ పెరుగులోని ల్యాక్టోజ్ (అదే ఆ పాల చక్కెర) అరగడానికి సాయం చేస్తుందని ఒప్పుకుంది, గ్రాముకి కనీసం 10 కోట్లు బతికుంటే. అమెరికా గ్యాస్ట్రోఎంటరాలజీ సంఘం 2020లో చాలా జబ్బులకి ఆధారాలు చాలవని తేల్చేసింది, అయినా నెలలు నిండని శిశువులకీ, యాంటీబయోటిక్స్ వాడేటప్పుడు సి. డిఫిసిల్ అనే విరేచనాల దరిద్రం రాకుండా ఆపడానికీ కొన్ని స్ట్రెయిన్లని సూచించింది. ఆ కొన్నిటికీ నా నమస్కారం. వాటి మంచిపేరు చూపించి ఊరూ పేరూ లేని పొడిని 'మీ పేగుల్ని పునరుద్ధరిస్తుంది' అని అమ్ముతున్నారు చూడండీ, వాళ్ళకి మాత్రం వేరే ఉత్తరం రాస్తా, అందులో గారూ గీరూ ఉండదు.

ఇట్లు,
పొట్ట ఓనర్

తా.క.: లోపల ఇంకా మీవాళ్ళు ఎవరైనా మిగిలుంటే, పోయే దారిలో పెద్ద పేగులో పాతవాళ్ళు కనబడతారు, వాళ్ళకో కబురు చెప్పండి. పప్పులు, కూరలు, పొట్టు తీయని గింజలు, పీచు ఉన్నదల్లా పంపుతున్నా. దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ అనే కొవ్వు ఆమ్లం చేసి పేగు గోడ కణాలకి తిండి పెట్టేది వాళ్ళేనట, ఒక్క యాడ్ కూడా లేకుండా. మొదట్లో గ్యాస్ కొంచెం పెరుగుతుందంటున్నారు, అదేదో మీటింగులు లేని రోజు చూసుకోమనండి.