ఆ "ప్రీమియం అన్‌లాక్" మెసేజ్ ఇంక నాకు పంపకండి

వారం నుంచి అదే మెసేజ్. పొద్దున ఒక గ్రూపులో ఒకరు పెడితే రాత్రికి ఇంకో గ్రూపులో ఇంకొకరు. కొత్త ఫీచర్లన్నీ డబ్బు కట్టినవాళ్ళకే ఇస్తున్నారు, ఇది పచ్చి దోపిడీ, సాఫ్ట్‌వేర్ ఒకసారి రాశాక కాపీ చెయ్యడానికి పైసా ఖర్చవదు, ఒకప్పుడు ఒక్కసారి కొంటే జీవితాంతం అన్నీ వచ్చేవి, ఆ ఫీచర్లు ఎలాగూ మన ఫోన్లోనే ఉన్నాయి తాళం వేశారంతే, కాబట్టి కింద లింకులో మోడ్ ఏపీకే (అసలు యాప్‌ని బయటివాళ్ళు మార్చి పంచే ఫైల్) ఉంది వేసుకోండి, వైరస్ ఏమీ లేదు నేనే వాడుతున్నా. ఇదీ అందులో ఉన్నది. చివర్లో ఒకరోజు అందరం యాప్‌లు తీసేద్దాం అని పిలుపు కూడా.

ముందు ఆ పిలుపు సంగతి. ఫ్రీగా వాడేవాళ్ళు ఒకరోజు తీసేస్తే ఆ రోజు కంపెనీకి సర్వర్ ఖర్చు తగ్గుతుంది. దాని గురించి ఇంతకంటే మాట్లాడక్కర్లేదు.

కాపీకి ఖర్చు లేదన్నారు, కాపీకి లేదు నిజమే, కానీ చేసి పెట్టడానికీ నడపడానికీ ఉంది కదా. ఏఐతో ఫొటో సరిచేసే బటన్ మీరు నొక్కిన ప్రతిసారీ సాధారణంగా ఎక్కడో ఒక సర్వర్ పని చేస్తుంది, దాని కరెంటు బిల్లు ఎవరో ఒకరు కట్టాలి. టెలిగ్రామ్ 2022 జూన్‌లో ప్రీమియం తెచ్చినప్పుడు ఫ్రీవాళ్ళకి ఉన్న 2 జీబీ ఫైల్ లిమిట్ అలాగే ఉంచి, కట్టినవాళ్ళకి 4 జీబీ ఇచ్చింది. ఎవరి దగ్గర ఏం లాక్కున్నట్టు? ఎవరూ కట్టకపోతే ఏమవుతుందో కూడా చూశాం, వెబ్‌సైట్లతో మన డేటా రహస్యంగా వెళ్ళేలా చూసే ఉచిత ప్రోగ్రాం, సగం ఇంటర్నెట్ ఆధారపడిన ఓపెన్ఎస్ఎస్ఎల్‌కి ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లే, 2014లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద భద్రతా లోపం బయటపడ్డాక గానీ పెద్ద కంపెనీలకి దానికి డబ్బివ్వాలని తట్టలేదు.

ఒకసారి కొంటే అన్నీ వచ్చేవట. ఎప్పుడు వచ్చాయి? ఫొటోలు దిద్దే ఫొటోషాప్‌కి పాత వెర్షన్ సీఎస్6, ఒకసారి కొనేదే, దాదాపు 700 డాలర్లు, పాత వెర్షన్ ఉన్నవాళ్ళకి కూడా కొత్తది కావాలంటే మళ్ళీ డబ్బే. అప్పుడూ కొత్త ఫీచర్లు కట్టినవాళ్ళకే.

ఇక ఆ లింకు. నాకు నిజంగా మండేది ఇక్కడే. "నేనే వాడుతున్నా" అంటే వైరస్ లేదని అర్థమా? అది ఉంటే స్క్రీన్ మీద బోర్డు పెట్టి చెప్తుందా? 2021 ఆగస్టులో ఎఫ్‌ఎం వాట్సాప్ అనే వాట్సాప్ మోడ్‌లో ట్రయాడా అనే ట్రోజన్ (మంచి యాప్‌లా దాక్కుని వచ్చే దొంగ ప్రోగ్రాం) ఉందని కాస్పర్‌స్కీ అనే యాంటీవైరస్ కంపెనీ బయటపెట్టింది. అది ఇంకో ఆరు దొంగ ప్రోగ్రాములు దింపేది, వాటిలో రెండు చేసే పనేంటో తెలుసా, ఫోన్ ఓనర్‌కి చెప్పకుండా వాళ్ళ నంబర్ మీద పెయిడ్ సబ్‌స్క్రిప్షన్లు తీసుకోవడం. ఆ మోడ్ ముందే ఎస్సెమ్మెస్ పర్మిషన్ అడిగి పెట్టుకుంటుంది కాబట్టి కన్ఫర్మేషన్ కోడ్ కూడా అదే చదివేసుకుంటుంది. సబ్‌స్క్రిప్షన్ కట్టకూడదని వేసుకున్న యాప్ మన పేరు మీద సబ్‌స్క్రిప్షన్ కడుతుంది! మరుసటి ఏడాది యో వాట్సాప్ అనే ఇంకో మోడ్ దొరికింది, అది ఏకంగా మన వాట్సాప్ అకౌంట్‌ని వాళ్ళు వాడుకోగలిగే కీలే ఎత్తుకెళ్ళేది. 2024లో పాటల యాప్ స్పాటిఫై మోడ్‌లో నెక్రో అనే ఇంకో ట్రోజన్.

పోయిన నెల మా తమ్ముడు రీఛార్జ్ చేసిన డబ్బులు ఊరికే తరిగిపోతున్నాయని ఫోన్ నా చేతికిచ్చాడు. పర్మిషన్ల లిస్టు తెరిచి చూస్తే పాటలు వినే మోడ్ యాప్ ఒకటి, దానికి ఎస్సెమ్మెస్ అలో, కాంటాక్ట్స్ అలో, ఫోన్ కాల్స్ అలో. పాటలకి ఎస్సెమ్మెస్‌తో పనేంట్రా అంటే, అడిగింది నొక్కేశానన్నాడు. వాడికి ఆ లింకు వచ్చింది కూడా ఇలాంటి మెసేజ్‌లోనే, పంపింది వాడి ఫ్రెండే. పంపినవాళ్ళెవరికీ చెడు ఉద్దేశం లేదు, నాకు తెలుసు, కానీ బ్యాంకు ఓటీపీలు వచ్చే ఫోన్లో అది వేసుకోమని పది మందికి చెప్పేముందు ఒక్క నిమిషం ఆలోచించరా?

"ఫోన్లోనే ఉన్నాయి తాళం వేశారు" అన్నదానికి మాత్రం, సగం తప్పు సగం ఒప్పు. చాలా ఫీచర్లలో మీ ఫోన్లో ఉండేది బటన్ ఒక్కటే, అసలు పని సర్వర్లో జరుగుతుంది, ఏ మోడ్ వేసినా అది రాదు. కానీ నిజంగానే తాళం వేసినవీ ఉన్నాయి, అక్కడ నేను మీ వైపే. 2022లో బీఎండబ్ల్యూ కొన్ని దేశాల్లో కార్లో అప్పటికే బిగించి ఉన్న సీటు హీటర్‌కి నెలకి 18 డాలర్లు అడిగింది, జనం తిట్టాక మరుసటి ఏడాది మానుకుంది. నోట్స్ రాసుకునే యాప్ ఎవర్‌నోట్ 2023 డిసెంబర్లో ఫ్రీ అకౌంట్లని 50 నోట్లకి కుదించింది, అది కొత్త ఫీచర్ అమ్మడం కాదు, ఇచ్చింది వెనక్కి తీసుకోవడం. అన్నిటికంటే ఘోరం ట్విట్టర్‌ది, 2023 మార్చి నుంచి పాస్‌వర్డ్ తర్వాత ఎస్సెమ్మెస్ కోడ్‌తో వేసే రెండో లాక్ డబ్బు కట్టినవాళ్ళకే అంది, కోడ్ ఫోన్లోనే చూపించే ఆథెంటికేటర్ యాప్‌తో వేసేది ఫ్రీగానే ఉంచింది గానీ అదేంటో తెలియనివాళ్ళ సంగతేంటి? భద్రత ప్రీమియం ఫీచర్ ఎలా అవుతుంది?

ఇంకోటి కూడా ఒప్పుకుంటా. సీఎస్6 కొన్నవాళ్ళకి అది వాళ్ళదే, ఇప్పుడు నెల కట్టడం ఆపితే చేతిలో ఏమీ మిగలదు. 2015లో ప్రోగ్రామర్ల టూల్స్ చేసే కంపెనీ జెట్‌బ్రెయిన్స్ సబ్‌స్క్రిప్షన్‌కి మారితే ప్రోగ్రామర్లు గట్టిగా గొడవ చేశారు, అప్పుడు దిగొచ్చి ఏడాది కట్టినవాళ్ళకి ఒక వెర్షన్ ఎప్పటికీ ఉండిపోయేలా చేశారు. అడగాల్సింది అది. ఈ విషయాలు పెట్టి మెసేజ్ రాయండి, నేనే అన్ని గ్రూపుల్లో వేస్తా, కింద ఆ లింకు తీసేసి.