పేరు కొట్టించిన గిన్నెలు, పేరు లేని బంగారం

గత నెలలో మా పిన్ని కూతురి విడాకుల విషయమై పెద్దమనుషుల మధ్య జరిగిన పంచాయితీలో నేనూ కూర్చున్నాను. ఆరేళ్ల కిందట ఆమెతో పాటు కాపురానికి వెళ్లిన సామానంతా ఆ రోజు వసారాలో పరిచారు. ఇత్తడి బిందె, స్టీలు గిన్నెలు, వెండి కుంకుమభరిణె, అన్నిటి మీదా ఇచ్చినవారి పేరూ పెళ్లి తేదీ కొట్టించి ఉన్నాయి కనుక వాటి గురించి ఎవరూ నోరెత్తలేదు. పేచీ అంతా బంగారం దగ్గరే వచ్చింది. పుట్టింటివారు పెట్టిన వడ్డాణం అబ్బాయి వ్యాపారం కోసం తాకట్టులో ఉందన్నారు. అత్తగారు పెట్టిన నాలుగు గాజులు "మేం పెట్టినవి కాబట్టి మావే" అన్నారు. చివరకు మెట్టినింటి బొట్టు కూడా ఇమ్మని అడిగినప్పుడు, మా చెల్లెలు మారుమాట లేకుండా మెడలోని గొలుసు విప్పి, రెండు సూత్రాల్లో ఒకదాన్ని తీసి బల్ల మీద పెట్టింది. అది ఆ అమ్మాయి సొత్తని ఆ వసారాలో ఒక్కరూ అనలేదు. నేను అన్నాను గాని, ఆడపిల్ల తరఫువారి మాటగా కొట్టిపారేశారు.

అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పెళ్లికి ముందు గాని, పెళ్లిలో గాని, ఆ తరువాత గాని, పుట్టింటివారైనా అత్తింటివారైనా ఆమెకని ఇచ్చిన కానుక స్త్రీధనం. ప్రేమతో ఇచ్చినదాన్ని "ప్రీతిదత్తం" అని మన స్మృతులే స్త్రీధనంలో చేర్చాయి. ఆ సొత్తు భర్త చేతిలోనో అత్తగారి బీరువాలోనో ఉన్నా అది అప్పగింత మాత్రమేననీ, తిరిగి ఇవ్వకపోతే నమ్మకద్రోహ నేరం అవుతుందనీ సుప్రీంకోర్టు 1985లోనే ప్రతిభారాణి కేసులో చెప్పింది. ఇబ్బందుల్లో భర్త ఆ నగలు వాడుకున్నా తిరిగి ఇవ్వవలసిన బాధ్యత అతనిదేనని 2024 ఏప్రిల్‌లో మరోసారి చెబుతూ, కేరళ దంపతుల కేసులో 89 సవర్ల బంగారానికి బదులుగా 25 లక్షల రూపాయలు చెల్లించమని ఆదేశించింది. వ్యాపారానికి తాకట్టు పెట్టామన్న జవాబు ఇక్కడ ఎలా చెల్లుతుంది?

పుట్టింటివారికీ ఇందులో హక్కు లేదు. విడాకులు తీసుకున్న కూతురి నగలు తిరిగి ఇప్పించమని తెలంగాణకు చెందిన ఒక తండ్రి పెట్టిన కేసును 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. కూతురు బతికి ఉండగా, ఆమె అనుమతి లేకుండా, తండ్రి ఆ సొత్తు అడగరాదని తేల్చింది. అల్లుడికి ముచ్చటపడి పెట్టిన ఉంగరం, గడియారం కూడా అతనివే. మా బాబాయి వాటిని అడగబోతే నేనే వారించాను. కట్నం సంగతి వేరు. అది కానుక కానే కాదు. ఎవరు పుచ్చుకున్నా మూడు నెలల్లోగా ఆమెకు అప్పగించాలని 1961 నాటి వరకట్న నిషేధ చట్టమే చెబుతోంది.

నన్ను ఎక్కువగా బాధించినది చివరి కాగితం. పరస్పర అంగీకారంతో విడాకులు కావాలంటే, నాకు రావలసినవన్నీ ముట్టాయని ఆమె సంతకం పెట్టాలన్నారు. వడ్డాణం తాకట్టులో ఉండగానే ఆ వాక్యం టైపు చేయించి తెచ్చారు. దయచేసి ఏ ఆడపిల్ల చేతా వస్తువు చేతికి రాకముందు అటువంటి కాగితం మీద సంతకం పెట్టించకండి. మా చెల్లెలు ఇంకా పెట్టలేదు.

పెళ్లి కానుకలకు జాబితా రాసి, ఏ వస్తువు ఎవరిచ్చారో, విలువ ఎంతో చూపి, వధూవరులు సంతకాలు చేయాలని 1985 నుంచే నిబంధన ఉంది. మన ఇళ్లలో చదివింపుల పుస్తకం శ్రద్ధగా రాస్తాం గాని, ఈ జాబితా రాసినవారిని నేను చూడలేదు. మాఘమాసంలో మా అక్క కూతురి పెళ్లికి రెండు ప్రతులు రాయిస్తానంటే, శుభమా అని పెళ్లి చేస్తూ ఈ లెక్కలేమిటని మా పెద్దమ్మ నొచ్చుకుంది. స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించినప్పుడు మనం అశుభం అనుకోలేదు కదా పెద్దమ్మా అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, మొదటి పేజీకి పసుపు రాసి ఇమ్మంది.