‘బోర్డు పెట్టకముందే కూల్చేయండి’ అన్న పోస్టుకు నా జవాబు

మూడు వారాలుగా కొత్తపట్నం, ఒంగోలు వాట్సాప్ గ్రూపులన్నింటిలో ఒకటే పోస్టు తిరుగుతోంది. మా పెదనాన్న కొడుకు ఒక్కడే నాకు మూడు గ్రూపుల్లో పంపాడు, కింద దండం బొమ్మ పెట్టి మరీ. రాసినవాడి పేరు లేదు. సారాంశం ఇది: మన తీరానికి చెప్పుకునేంత చరిత్ర లేదు, ఉన్న నాలుగూ తెల్లదొరలు వదిలిపోయినవి. వందేళ్లు దాటిన ఇల్లు హెరిటేజ్ కిందికి వస్తే ప్రభుత్వం లాక్కుంటుంది, చుట్టూ 300 మీటర్లలో ఎవరూ ఇటుక కదపకూడదు. ఉప్పుగాలికి సున్నం గోడలు నిలవవు, సిమెంటే దిక్కు. టూరిస్టులూ రారు. కాబట్టి ఎవరో వచ్చి ‘రక్షిత కట్టడం’ అని బోర్డు పెట్టకముందే కూల్చేసి నాలుగంతస్తులు వేసుకోండి.

ఇలాంటివి రోజూ వస్తాయి, పోతాయి. కానీ ఈ చివరి వాక్యం చదివి మా వీధిలో ఇద్దరు నిజంగానే జేసీబీ అతనితో రేటు మాట్లాడుకున్నారు. అందుకే ఇది రాస్తున్నా.

చరిత్ర లేదన్న మాట దగ్గరే మొదలుపెడదాం. మోటుపల్లి ఎక్కడో లేదు, చినగంజాం మండలంలో ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టాక బాపట్ల జిల్లా అంటున్నారు గానీ నా వయసువాళ్లకు అది ఇంకా ప్రకాశమే. అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర స్తంభం మీద కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన శాసనం ఉంది. దాన్నే అభయశాసనం అంటారు. అంతకు ముందు రాజులు ఏం చేసేవాళ్లంటే, తుపానుకి ఓడ దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులో సరుకంతా ఊడ్చుకునేవాళ్లు. గణపతిదేవుడు అది ఆపేశాడు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రంలోకి దిగే వర్తకుల మీద జాలితో, పేరు కోసం, పుణ్యం కోసం, సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని రాయించాడు. ఆ సుంకం కూడా ముప్పైలో ఒక వంతు. కింద సరుకుల చిట్టా ఉంది: గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, వక్కలు. చదువుతుంటే పెద్ద కిరాణా కొట్టు ముందు నిలబడ్డట్టు ఉంటుంది. రెడ్డిరాజుల్లో అనవోతారెడ్డి కూడా 1358లో ఇక్కడే వర్తకులకు మళ్లీ మాట ఇచ్చి శాసనం వేయించాడు. ఈ రెండింటి మధ్యలో మార్కో పోలో ఈ రేవు పేరుతోనే మన రాజ్యాన్ని ముత్ఫిలి అని రాశాడు, ఇక్కడి సన్నబట్ట సాలెగూడులా ఉందన్నాడు. చీరాల, వేటపాలెం వైపు వెళ్తే మగ్గాలు ఇప్పటికీ ఆడుతున్నాయి.

నెల్లూరు వైపు వెళ్తే దుగరాజపట్నం. ఇంగ్లీషు కంపెనీవాళ్లు 1626లో అక్కడ దిగి కోట కట్టుకున్నారు, ఆర్మగాన్ అని పిలిచారు. అక్కడి నుంచే ఆ కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణానికి వెళ్లి మద్రాసుకు చోటు కుదుర్చుకున్నాడు. ఇక మా కొత్తపట్నంలో 1937లో వేసవి రాజకీయ పాఠశాల పెడితే ప్రభుత్వం భయపడి నిషేధించింది. పోస్టు రాసినాయనకి ఇవేవీ తెలియకపోవచ్చు, అది తప్పు కాదు. తెలియనప్పుడు ‘తెలియదు’ అనాలి గానీ ‘లేదు’ అనకూడదు.

రెండో మాట, అన్నీ తెల్లదొరలవేనన్నది. దీనికి మన తీరం వెంటే మద్రాసు వైపు సాగే బకింగ్‌హామ్ కాలువని ఉదాహరణగా చూపించాడు. కాలువలో, లాకుల్లో డబ్బు పోసే బదులు పూడ్చి రోడ్డేస్తే సరిపోతుందట. పేరు మద్రాసు గవర్నరుదే, నిజం. కానీ తవ్విందెవరు? ధాత కరువు, అంటే 1876-78 కరువులో తిండి లేక పనికొచ్చిన మన జనం. ఈ పొడవాటి కాలువలో కొంత భాగం కరువు కూలి కింద వాళ్లు గంపలతో మట్టి మోసి చేసిందే. గవర్నరు పారా పట్టుకోలేదు. మా నాయనమ్మ చిన్నప్పుడు మద్రాసుకు ఉప్పు, సర్వి (సరుగుడు) తోపుల కట్టెలు పడవల మీద ఈ కాలువలోనే వెళ్లేవని చెప్పేది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆ నీటిని చాలావరకు ఈ కాలువే తాగి, మళ్లీ సముద్రానికి వదిలింది. కాలువకి అవతల ఉన్న పల్లెలు ఊపిరి పీల్చుకున్నాయి. దాన్ని పూడ్చి రోడ్డేయాలట!

వేటపాలెం సారస్వత నికేతనం ఏ దొర కట్టించాడో కూడా చెప్తే బాగుండేది. 1918లో ఆ ఊరివాళ్లే పెట్టుకున్న గ్రంథాలయం అది. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి వాళ్లో ఇప్పటికీ ఆ ఊరికి వస్తారు.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి. వందేళ్లు దాటితే ఇల్లు ప్రభుత్వానిదైపోతుందట. మా అమ్మకి కూడా ఇదే టెన్షన్, రెండు రాత్రులు నిద్ర పోలేదు. అసలు సంగతి ఇది. 1958 నాటి కేంద్ర చట్టంలో వందేళ్లు అనేది కనీస అర్హత, అంతే. ఒక కట్టడాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించాలంటే ముందు గెజిట్‌లో నోటీసు వేయాలి, ఆ కట్టడం దగ్గర అంటించాలి, అభ్యంతరాలకు రెండు నెలలు గడువు ఇవ్వాలి. ప్రకటించాక కూడా ఇల్లు ఓనరు పేరు మీదే ఉండొచ్చు, నిర్వహణకి ఓనరుతో ఒప్పందం రాసుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది. వయసు చూసి రాత్రికి రాత్రి వచ్చి బోర్డు పెట్టే పద్ధతి ఎక్కడా లేదు. ఉంటే మన తీర జిల్లాల్లో సగం అగ్రహారాలు ఈపాటికి సర్కారువే.

300 మీటర్ల ముచ్చట సగం నిజం. సగం నిజం కాబట్టే జనం నమ్మేశారు. 2010 సవరణ ప్రకారం కేంద్రం రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త కట్టుబడి నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు అనుమతి తీసుకుని కట్టుకోవాలి. ఆ 100 మీటర్లలో 1992 జూన్ 16కి ముందే ఉన్న ఇళ్లకు రిపేరు చేసుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆఫీసుల చుట్టూ తిరగాలి, అది నరకమే, ఆ మాట కాదనను. కానీ ఇదంతా కేంద్రం ప్రకటించిన కట్టడాల పక్కన ఉన్నవాళ్లకి. మీ తాత కట్టిన మిద్దెకి దీంతో ఏ సంబంధమూ లేదు.

పోస్టులో మాట మాత్రం కూడా లేని రూలు ఇంకొకటి ఉంది, సముద్రపు ఊళ్లలో అసలు చూసుకోవాల్సింది దాన్నే. సీఆర్‌జడ్, అంటే సముద్రతీరంలో కట్టుబడి మీద కేంద్రం పెట్టిన నిబంధనలు. తీరం వెంట, పోటు గీత (సముద్రం పోటు మీదున్నప్పుడు నీరు చేరే హద్దు) నుంచి 500 మీటర్ల దాకా దాని పరిధి. 2011 నోటిఫికేషన్ ప్రకారం పల్లె ప్రాంతాల్లో మొదటి 200 మీటర్లలో కొత్త కట్టుబడికి వీల్లేదు. 2019లో జనం కిక్కిరిసిన చోట్లకు దాన్ని 50 మీటర్లకు తగ్గించారు, అదీ కొత్త మ్యాపులు ఆమోదమయ్యాకే. ఆ నిషేధపు గీత లోపల ఉన్న ఇంటిని బాగు చేసుకోవచ్చు, తిరిగి కట్టుకోవచ్చు, కానీ ఉన్న పునాది విస్తీర్ణం, అంతస్తులన్నీ కలిపి ఉన్న మొత్తం విస్తీర్ణం దాటకూడదు. అదీ అనుమతితో కట్టిన ఇల్లయితేనే. అర్థమైందా? ‘కూల్చేసి నాలుగంతస్తులు వేసుకోండి’ అన్న సలహా విని ఆ గీత లోపల పాత మిద్దె పడగొట్టినవాడికి ఆ నాలుగంతస్తులు రావు. పాతకాలం ఇళ్లకి కాగితాలు సరిగా లేకపోతే ఉన్న ఒక్కటీ నిలుపుకోవడం కష్టం. మా వీధిలో జేసీబీ మాట్లాడుకున్న ఇద్దరికీ నిన్న ఇదే చెప్పా. ఒకాయన ఆగాడు. రెండో ఆయన ‘లాయర్ని అడుగుతా’ అన్నాడు, మంచిదే.

సున్నం, సిమెంటు సంగతి నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు, మా ఇంట్లో చూసి చెప్తున్నా. మా ఇంటి నడిమిల్లు ముత్తాత కట్టించింది. గానుగలో తిప్పిన సున్నం, గుల్ల సున్నం పూత, పైన టేకు దంతెల (చిన్న దూలాల) మీద సన్నిటుకలు ఐమూలగా పేర్చిన మద్రాసు టెర్రస్. వెనకాల వంటగది 1996లో స్లాబు వేసి కట్టాం. 2009లో నాన్న, నడిమిల్లు గోడ కింద కాస్త పెచ్చులూడుతోందని మూడడుగుల ఎత్తు దాకా సిమెంటు పూయించాడు. మూడు వానాకాలాలు తిరిగేసరికి ఆ పూత అప్పడంలా ఉబ్బింది. మేస్త్రి ఉలితో ఒక ముక్క లేపితే వెనకాల ఇటుక తడిగా, ఎర్రటి పిండిలా రాలింది. పిండి మీద తెల్లగా ఉప్పు. నేను నాలుక మీద పెట్టుకుని చూశా, నిజంగానే ఉప్పగా ఉంది. నేల నుంచి పైకెక్కే చెమ్మ సున్నం పూత గుండా బయటికి ఆరిపోతుంది. సిమెంటు దాన్ని లోపలే బంధించేసరికి, పైకి రావాల్సిన ఉప్పు ఇటుక లోపలే గడ్డకట్టి పగలగొట్టింది. పాత సున్నం ఏం పాపం చేయలేదు, మేం పూసిన మందే దాన్ని చంపింది.

మరి ఆ 1996 స్లాబు? ఉప్పుగాలి లోపలి ఊచలదాకా వెళ్లింది. తుప్పు పట్టిన ఇనుము లావెక్కుతుంది, లావెక్కి కాంక్రీటుని తోస్తుంది. పోయిన ఏడాది ఒక పెచ్చు ఊడి సరిగ్గా రుబ్బురోలు మీద పడింది, అమ్మ అప్పుడే లేచి వెళ్లింది కాబట్టి సరిపోయింది. నడిమిల్లు పైకప్పులో ఊచలు లేవు, తుప్పు పట్టడానికి. అలాగని దానికి ఎప్పుడూ ఏమీ కాదని చెప్పను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు అదీ కారింది, తూము దగ్గర మొలిచిన రావి మొక్క వేరు వల్ల. నాన్న ఏటా పీకేవాడు, ఆయన పోయాక నేను పట్టించుకోలేదు. పాత ఇళ్లు ఎక్కువగా ఇలాగే పోతాయి. ముసలితనంతో పోయేవి తక్కువ.

కాపాడలేనివీ ఉంటాయి. పునాది కుంగి, గోడలు రెండుగా చీలి, దంతెలు చెదలు తిన్నదాన్ని నిలబెట్టాలని నేను ఎవరితోనూ వాదించను, పిల్లలు తిరిగే ఇల్లు అది. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు, దొరికినవాళ్లు కూలి ఎక్కువే అడుగుతారు. నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి ఇంట్లో ఎవరు డబ్బు పెట్టాలన్న తగువు తెగదు. పోస్టు ఈ కష్టాన్ని చెప్పి ఉంటే, ఓనరుకి ఇంటి పన్నులో తగ్గింపు ఇవ్వాలని అడిగి ఉంటే, నేనే ముందు షేర్ చేసేవాణ్ణి.

టూరిస్టుల మాట తొందరగా తేలుస్తా. రారు, ఒప్పుకుంటా. ఆదివారం ఒంగోలు నుంచి బీచ్‌కి వచ్చేవాళ్లు చేపల వేపుడు తిని వెళ్తారు, మా నడిమిల్లు చూడటానికి ఆగరు. నేను ఇల్లు ఉంచుకుంటున్నది వాళ్ల కోసం కాదు, మే నెలలో ఫ్యాను లేకుండా మధ్యాహ్నం నిద్ర పట్టే గది మా ఇంట్లో అదొక్కటే కాబట్టి.

ఇంకొక్కటి. ‘కూల్చడానికి పైసా ఇవ్వక్కర్లేదు, మేమే ఉచితంగా కూల్చి శుభ్రం చేస్తాం’ అని ఒకాయన మా వీధిలో తిరుగుతున్నాడు. ఎందుకంత దయ అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. పాత టేకు దూలాలు, ద్వారబంధాలు, చెక్కిన తలుపులు ఇప్పుడు ఏ ధర పలుకుతున్నాయో పాత కలప కొట్టుకి వెళ్లి మీరే అడగండి, ఆ తర్వాత ఆయనతో బేరం మాట్లాడండి.

ఇదంతా రాసి మా అన్నకి పంపితే గంటదాకా ఏమీ అనలేదు. తర్వాత వాళ్ల దొడ్డిగోడ ఫొటో పెట్టాడు, కింద మూడడుగులు సిమెంటు పూత, అచ్చం మా గోడలాగే ఉబ్బి ఉంది. ‘ఆ సున్నం మేస్త్రి నంబరుందా?’ అని అడిగాడు. మేస్త్రి సోమవారం మా ఇంటికి వస్తున్నాడు, అక్కడి నుంచి తీసుకెళ్లమన్నా.