రెండు వారాలకు వెళ్లకండి
రెండు వారాలు సెలవు పెట్టి కంబోడియా వెళ్లి పేద పిల్లలకు పాఠాలు చెప్పి రమ్మంటోంది నేను చదివిన ఒక వ్యాసం. దయచేసి అంత తక్కువ రోజులకు వెళ్లకండి. నేను అక్కడి సియెం రీప్ పట్టణం దగ్గర ఒక బడిలో మూడు నెలలు ఉన్నాను. అక్కడ చాలాచోట్ల ప్రభుత్వ బడి ఒక పూటే. మిగతా పూట పిల్లలు ఇంగ్లీషు కోసం ఇలాంటి చోటికి వస్తారు. ఆ ఏడాది నాకు ముందే నలుగురు వాలంటీర్లు మారారట, ప్రతివాళ్లూ ఏబీసీడీలతోనే మొదలుపెట్టారట! నేను వచ్చేసే రోజు ఒక పాప మళ్లీ ఎప్పుడొస్తావని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను, ఇప్పటికీ బాధే.

వెళ్లాలనుకుంటే కనీసం ఆరు నెలలు, అక్కడి టీచరుకు సాయంగా వెళ్లండి. ముందు అక్కడి భాష ఖ్మేర్ నేర్చుకోండి. మన వత్తుల్లాగే ఆ లిపిలోనూ అక్షరం కింద అక్షరం ఉంటుంది. నాకు అందుకే తొందరగా పట్టుబడింది.