పురుషాంగ క్యాన్సర్ అంటే ఒకటి కాదు, రిపోర్టులో ఏ రకం అని రాశారో చదవండి

మా మామయ్య ఎనిమిది నెలల పాటు అదే ట్యూబు కొన్నారు. మెడికల్ షాపులో జనం పలచబడేదాకా ఆగి, కౌంటర్ మీదకి వంగి "ఆ దురద మందు ఇవ్వు" అని మెల్లగా అడిగేవారట. షుగర్ ఉన్నవాళ్లకి అక్కడ ఇన్‌ఫెక్షన్ మామూలేనని షాపాయన అన్నాడు, ఊళ్లో ఆర్ఎంపీ కూడా అదే అన్నాడు. అంగం ముందు చర్మం వెనక్కి రావడం మానేసి అప్పటికే ఏడాది దాటింది కాబట్టి లోపల ఏం పెరుగుతోందో ఆయనకే కనిపించలేదు. చివరికి చర్మం అంచులోంచి కాలీఫ్లవర్ ముక్కలాంటి కండ బయటికొచ్చి, వాసన మొదలయ్యాక అత్తకు చెప్పారు. ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని నన్ను ఒక్కటే అడిగారు: "మొత్తం కోసేస్తార్రా?"

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. తర్వాత తెలిసిందేమిటంటే, అది ఏ రకం, ఎంత లోతుకు దిగింది, గజ్జల్లోకి పాకిందా అనే మూడు సంగతులు తేలకుండా ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరు. ఇందులో మొదటిదాని గురించి మన భాషలో మాట్లాడేవాళ్లే తక్కువ. 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 36 వేల కొత్త కేసులు వచ్చాయని గ్లోబోకాన్ అనే ప్రపంచ క్యాన్సర్ లెక్కల సంస్థ అంచనా వేస్తే, అందులో 10 వేలకు పైగా మన దేశానివే. అరుదైన జబ్బే, కానీ మనకు అంత దూరంలో లేదు.

నూటికి 95 కేసులు స్క్వామస్ సెల్ కార్సినోమాయే, అంటే చర్మం పైపొర కణాల్లో పుట్టేది. మెలనోమా, బేసల్ సెల్ కార్సినోమా, సార్కోమా లాంటివి మిగతా కొద్ది శాతంలో వస్తాయి. చాలా రిపోర్టుల్లో జనం ఈ "స్క్వామస్" దగ్గరే ఆగిపోతారు, అసలు సంగతి మాత్రం ఆ పక్కన రాసిన మాటలో ఉంటుంది. 2022లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ వీటిని రెండు కుటుంబాలుగా విడదీసింది. ఒకటి పులిపిర్లు తెప్పించే హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చేవి, రెండోది వైరస్‌తో సంబంధం లేకుండా, ఏళ్ల తరబడి మంట, వాపు, బిగుసుకుపోయిన చర్మం, తెల్లమచ్చలా గట్టిపడే లైకెన్ స్క్లెరోసస్ లాంటి వాటి మీద పుట్టేవి. పొగాకు రెండు రకాలకూ ఆజ్యం పోస్తుంది.

ఇక్కడ పేర్లతో పెద్ద తికమక ఉంది, దీని మీద నాకు నిజంగానే కోపం. "వెర్రుకస్" అన్నా "వార్టీ" అన్నా అర్థం ఒకటే, పులిపిరిలాంటిదని. కానీ వెర్రుకస్ రకానికి హెచ్‌పీవీతో సంబంధం లేదు. అది చూడ్డానికి భయంకరంగా పెద్దగా పెరుగుతుంది గానీ మెల్లగా పెరుగుతుంది, మరో రకం కలవకుండా అదొక్కటే ఉంటే గజ్జల్లోకి పాకడం చాలా అరుదు. వార్టీ రకం హెచ్‌పీవీ కుటుంబానిది, పాకే గుణం ఉన్నది. ఇంకా ఘోరం "బేసల్ సెల్", "బేసలాయిడ్" అనే జంట. చెవికి అన్నదమ్ముల్లా వినిపిస్తాయి. బేసల్ సెల్ నెమ్మదస్తుడు, ఉన్నచోటే ఉంటాడు. బేసలాయిడ్ లోతుకు దిగి త్వరగా గజ్జల బిళ్లల్ని పట్టుకునే రకం. సార్కోమటాయిడ్ అయితే దానికంటే మొండిది. ఇంటర్‌నెట్‌లో ఒకదాని బదులు ఇంకొకటి చదివి రాత్రంతా టెన్షన్ పడిన వాళ్లలో నేనూ ఒకణ్ని.

మామయ్య మొదటి బయాప్సీలో "వెర్రుకస్" అని వచ్చింది. మేం ఊపిరి పీల్చుకోబోతుంటే డాక్టరు ఆపారు. పైపైన తీసిన చిన్న ముక్కను నమ్మలేం, కింద మామూలు స్క్వామస్ కలిసి ఉండొచ్చు, గడ్డ మొత్తం తీసి చూశాకే చెప్తానన్నారు. ఆ మాట అప్పుడు నచ్చలేదు, ఇప్పుడు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఇంకా ముందు దశ ఒకటుంది, క్యాన్సర్ పైపొర దాటి లోపలికి దిగనిది. అంగం కొన మీద నున్నగా మెరిసే ఎర్రటి మచ్చలా ఉంటే ఎరిత్రోప్లాసియా ఆఫ్ కెయిరా, కాండం చర్మం మీద ఉంటే బోవెన్స్ డిసీజ్ అని పాత పేర్లు. 1911లో, 1912లో వీటిని వర్ణించిన ఇద్దరు డాక్టర్ల పేర్లే వాటికి ఉండిపోయాయి. ఈ దశలో పూత మందులు, లేజర్, చర్మం తీసేసే చిన్న ఆపరేషన్ లాంటివి సరిపోతాయి. అది ముదిరినా ఇదివరకటిలా 2 సెంటీమీటర్ల మంచి కండ కూడా కలిపి కోసే రోజులు పోయాయి, చాలా సందర్భాల్లో కొన్ని మిల్లీమీటర్లు చాలు. మొత్తం కోసేస్తారన్న భయంతోనే మగవాళ్లు దాస్తారు, దాచినకొద్దీ అది లోతుకు దిగుతుంది, చివరికి కోయక తప్పని స్థితి ఆ భయమే తెచ్చిపెడుతుంది.

గజ్జల్లో బిళ్ల కట్టడాన్ని మనవాళ్లు కాలికి దెబ్బ తగిలినందుకే అనుకుంటారు. అంగం మీద పుండు ఉన్న మనిషికి బిళ్ల కడితే మాత్రం అలా సరిపెట్టుకోకూడదు. చేతికి ఏమీ తగలకపోయినా, లోతుకు దిగిన కేసుల్లో నూటికి 20 నుంచి 25 మందికి కంటికి కనిపించని పాకుడు ఉంటుంది. అందుకే క్యాన్సర్ పాకితే ముందుగా చేరే మొదటి బిళ్లను (సెంటినల్ నోడ్) వెతికి పరీక్షించే పద్ధతి ఉంది. రొమ్ము క్యాన్సర్‌లో అందరికీ తెలిసిన ఈ సెంటినల్ నోడ్ ఆలోచనను 1977లో రామన్ కబానాస్ ప్రచురించింది పురుషాంగ క్యాన్సర్ రోగుల మీదే.

మన దగ్గర షుగర్ ఉన్నవాళ్లు ఎంతమందో చెప్పనక్కర్లేదు. వాళ్లలో ముందు చర్మం పగిలి, మానుతూ, బిగుసుకుపోవడం తరచూ చూసేదే. పాదాలు చూసే డాక్టరు "చర్మం వెనక్కి వస్తోందా?" అని ఒక్క మాట అడిగితే ఖర్చేముంది? దేశంలో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు స్క్రీనింగ్ ఉంది. దీనికి యంత్రం కూడా అక్కర్లేదు, వెలుతురు, కళ్లు చాలు. బస్టాండు గోడల మీద "గుప్త రోగాలు" అని రాసే వాళ్ల చేతికి ఈ మనుషుల్ని వదిలేయడం మనందరి తప్పే. మూడు నాలుగు వారాలు మందు రాసినా మానని పుండుకి ఇంకో ట్యూబు ఇవ్వకూడదు, బయాప్సీ చేయించాలి. ఆ రిపోర్టు వచ్చాక రకం ఏంటి, గ్రేడ్ (కణాలు ఎంత ఉధృతంగా ఉన్నాయి) ఎంత, హెచ్‌పీవీ వల్ల వచ్చిందా అని చూసే పీ16 పరీక్ష చేశారా, రక్తనాళాల్లోకి నరాల్లోకి దిగిందా అని అడగడానికి మొహమాటపడొద్దు.

మామయ్య గడ్డ మొత్తం పరీక్షించాక కూడా వెర్రుకస్ అనే తేలింది. ముందు చర్మం, కొనలో కొంత భాగం పోయాయి, మిగతాది ఉంది. మూడు నెలలకోసారి చెకప్‌కి వస్తారు. మొన్న వచ్చినప్పుడు వెయిటింగ్ హాల్లో పక్కన కూర్చున్న కుర్రాడు ఫైలుని ఒళ్లో బోర్లా పెట్టుకుని ఉంటే, మామయ్య తన ఫైలు తెరిచి, వేలుతో ఆ మాట చూపించి అడిగారు: "నీది ఏ రకం అన్నారు బాబూ?"